ఆకాశంలో వడ్డన

మా వీధి చివరింటి పిన్నిగారు అమెరికా నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. కూతురి పురిటికని వెళ్ళి ఐదు నెలలు వుండి వచ్చారు. మనవడి ఫోటోలు చూడటం, కాఫీలు తాగటం అయ్యాక ఆవిడ మనసులో మాట బయటపెట్టారు.

"గన్నవరం నుంచి కాన్సాస్ సిటీ దాకా నాలుగు విమానాలెక్కానే అమ్మాయ్. మూడు కంపెనీలు, మూడు రకాల మర్యాద! ఒకళ్ళు నన్ను కన్నతల్లిలా చూశారు. ఒకళ్ళు బళ్ళో పిల్లని గదిమినట్టు గదిమారు. ఒకళ్ళు అసలు నేనున్నట్టే చూడలేదు. ఎందుకంటావు? ఏ దేశం వాళ్ళ గుణం ఆ దేశానిదేనా?"

ఇది పిన్నిగారి ఒక్కరి ప్రశ్నే కాదు. పురుళ్ళకీ, పసిపిల్లల్ని చూసుకోవటానికీ కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎంతోమంది తల్లులు, ఇంగ్లీషు అంతగా రానివాళ్ళు కూడా, ఒంటరిగా విమానం ఎక్కుతున్నారు. మీ వీధిలోనూ ఒకరు వుండే వుంటారు. అందుకే ఈ వారం ఆకాశంలో వడ్డన సంగతి మాట్లాడుకుందాం.

ముందు ఆవిడ అనుభవం వినండి. గన్నవరం నుంచి హైదరాబాదుకి రెక్కలకి పంకాలున్న చిన్న విమానం. ఇద్దరే ఆడపిల్లలు. బెల్టు పెట్టుకోమన్నారు, అటొకసారి ఇటొకసారి తిరిగారు, దిగమన్నారు. మంచినీళ్ళు అడుగుదామనుకునేలోపు హైదరాబాదు వచ్చేసింది. అక్కణ్ణించి షికాగో దాకా గల్ఫ్ కంపెనీ విమానాలు. అందులో ఓ కెన్యా పిల్ల ఈవిడకి మోకాళ్ళ నొప్పులని సైగలతోనే గ్రహించి, పక్కన గొంతుక్కూర్చుని, దిండు సర్ది, ట్రే మీది చీటీ చూపించి "వెజ్, వెజ్" అని నవ్వుతూ మరీ పెట్టిందట. షికాగోలో మారాక అమెరికా వాళ్ళ విమానం. తెల్లజుట్టు పెద్దావిడ, అరవై దాటినట్టే వుందట. పిన్నిగారు ఒళ్ళో పెట్టుకున్న సంచీని వేలుతో చూపించి సీటు కిందికి తొయ్యమంది. ఈవిడకి అర్థం కాకపోతే గొంతు పెంచింది. చివరికి తనే తీసి కిందికి నెట్టేసింది. సంచీలో బాలింతరాలికని చేసిన కాయం వుంది మరి, కాళ్ళ దగ్గర పెడితే మనసొప్పుతుందా! ఆపైన రెండుసార్లు నీళ్ళడిగితే రెండుసార్లూ వినిపించుకోలేదట.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. పిన్నిగారి కథ విన్నప్పుడు నాకు ముందు అదే గుర్తొచ్చింది. కానీ ఆలోచిస్తే ఆ సామెత ఇక్కడ అతకదు. ఆ కెన్యా పిల్లకి ఈవిడ ఏమవుతారు? గన్నవరం విమానంలో వున్నది మన దేశం పిల్లలే కదా, మరి నీళ్ళు అందలేదేం?

మన పెళ్ళి భోజనాలనే చూడండి. బంతికి వందమంది కూర్చుంటే, వడ్డించేవాళ్ళు పన్నెండుమంది వున్నారనుకోండి, ముద్దపప్పు మీద నెయ్యి వేడిగా వుండగానే పడుతుంది, "ఇంకాస్త వేసుకోండి వదినగారూ" అని కొసరటానికీ తీరిక వుంటుంది. అదే ఇద్దరుంటే? సాంబారు వచ్చేసరికి అన్నం చల్లారుతుంది, నెయ్యి గిన్నె సగం బంతికే ఆగిపోతుంది. వడ్డించేవాళ్ళ గుణం మారిందా? చేతులు తగ్గాయి, అంతే.

విమానంలో ఎంతమంది సిబ్బంది వుండాలన్నది ప్రాణరక్షణ లెక్క. సుమారుగా 50 సీట్లకి ఒకరు. మన దేశంలోనూ అమెరికాలోనూ ఇంచుమించు ఇదే లెక్క. 78 సీట్ల ఏటీఆర్ విమానానికి ఇద్దరు, 180 సీట్ల విమానానికి నలుగురు. చవక టిక్కెట్ల కంపెనీలు ఆ కనీసం దగ్గరే ఆగిపోతాయి. గల్ఫ్, సింగపూర్ కంపెనీలు అక్కడ ఆగవు. రెండంతస్తుల ఏ380 విమానంలో ఇరవైమందికి పైగా వుంటారు. పైగా మన గన్నవరం విమానం గాల్లో వుండేదే ముప్పావుగంట. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సిబ్బంది కూడా బెల్టు కట్టుకుని కూర్చోవాల్సిందే. అది పోగా మిగిలిన కాసేపట్లో ఇద్దరు పిల్లలు 78 మందికి ఏం చేస్తారు చెప్పండి!

మరి గల్ఫ్ వాళ్ళకి అంతమందిని పెట్టుకోవటం దండగ కాదా అంటే, అక్కడే వుంది కిటుకు. సింగపూర్ అంటే ఒక్క నగరమే ఒక దేశం. మనకి విజయవాడ నుంచి హైదరాబాదుకి వున్నట్టు దేశంలోపల తిరిగే విమానమే వాళ్ళకి లేదు. 1972లో మలేసియాతో విడిపోయి సొంత కంపెనీ పెట్టుకున్న రోజునుంచీ పరాయి దేశం ప్రయాణికుణ్ణి రాబట్టుకుంటేనే వాళ్ళకి బతుకు. అందుకే వడ్డించే పిల్లలకి నాలుగు నెలలదాకా శిక్షణ ఇస్తారు. 1985లో మొదలైన ఎమిరేట్స్ దారీ ఇదే. పిన్నిగారికి దుబాయ్‌లోనో దోహాలోనో పనేమీ లేదు. లండన్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో కూడా షికాగో వెళ్ళొచ్చు. అయినా తమ ఊరి మీదుగానే వెళ్ళేలా చేసుకోవాలంటే కొసరి కొసరి వడ్డించాలి. బస్టాండు ఎదురుగా వరసగా పది హోటళ్ళున్నప్పుడు కొత్తగా పెట్టినవాడు అడక్కుండానే రెండో గిన్నె చట్నీ ఇస్తాడు చూడండి, అలాగన్నమాట. (గన్నవరం నుంచి నేరుగా సింగపూర్‌కి 2018 డిసెంబరులో విమానం మొదలైంది. ఏడాది తిరక్కుండానే ఆపేశారు. అప్పటికి ఆ ముచ్చట అలా తీరింది.)

అమెరికా వాళ్ళ సంగతి వేరు. అంత పెద్ద దేశంలో ఊరి నుంచి ఊరికి తిరిగే సొంత జనమే కోట్లమంది. 1978 దాకా అక్కడ టిక్కెట్టు ధర ప్రభుత్వం నిర్ణయించేది. అందరి ధరా ఒకటే అయినప్పుడు కంపెనీలు భోజనంలో, మర్యాదలో పోటీ పడేవి. ఆ ఏడాది చట్టం మార్చి ధరలు వాళ్ళకే వదిలేశారు. దాంతో పోటీ టిక్కెట్టు ధర మీదికి మళ్ళింది, భోజనం ట్రే చిక్కిపోయింది. మన దగ్గరా 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి చవక టిక్కెట్టు అమ్మినప్పుడు మంచినీళ్ళు కూడా కొనుక్కోమంది. అప్పుడు ముక్కున వేలేసుకున్నాం, ఇప్పుడు ఇంటి నుంచి పులిహోర డబ్బాలో పెట్టుకెళ్తున్నాం.

ఇంకో సంగతి చెప్తే మీరు నమ్మరు. అమెరికాలో చాలా కంపెనీల్లో విమానం తలుపు మూసుకున్నాకే ఈ సిబ్బందికి గంటల జీతం మొదలయ్యేది. మనం ఎక్కేటప్పుడు, సంచీలు సర్దేటప్పుడు, పిల్లలు ఏడ్చేటప్పుడు వాళ్ళు చేసే చాకిరీకి లెక్క లేదు. డెల్టా కంపెనీ (మన కృష్ణా డెల్టా కాదు లెండి, విమానాల డెల్టా) 2022లో ఆ సమయానికీ కొంత జీతం ఇవ్వటం మొదలుపెట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 2024లో యూనియన్ ఒప్పందం కుదిరాక వచ్చింది. జీతం లేని అరగంటలో నవ్వు ఎక్కణ్ణించి వస్తుంది?

ఇంతవరకూ చెప్పింది లెక్కల సంగతి. నన్ను ఆపేసింది మాత్రం పిన్నిగారు విసుగ్గా అన్న ఒక మాట. "అరవయ్యేళ్ళావిడకి ఆ ఉద్యోగం ఎందుకిచ్చారే? గల్ఫ్ విమానంలో అందరూ చిలకల్లాంటి పిల్లలే!"

ఎందుకో చూద్దాం. ఒకప్పుడు అమెరికాలో కూడా అందరూ చిలకల్లాంటి పిల్లలే. 1930లో మొదటి ఎయిర్‌హోస్టెస్‌గా చేరిన ఎలెన్ చర్చ్ అనే ఆవిడ నర్సు. ఆ తర్వాత చాలాకాలం పెళ్ళయితే ఇంటికి, ముప్పై రెండో ముప్పై అయిదో నిండితే ఇంటికి. ఆ ఆడవాళ్ళే యూనియన్లు పెట్టుకుని పోట్లాడితే, 1968లో ఆ షరతులు చెల్లవని అక్కడి ఉద్యోగ సమానావకాశాల కమిషన్ చెప్పింది. ఆ తెల్లజుట్టావిడ అరవై దాటినా ట్రాలీ తొయ్యగలగటం వెనక అంత కథ వుంది. ఆవిణ్ణి "నవ్వలేదు" అని ఇంటికి పంపలేరు.

మన దేశంలో? ఎయిర్ ఇండియాలో 35 ఏళ్ళు నిండినా, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం పోయేది. ఇంచుమించు అదే పనిచేసే మగవాళ్ళు మాత్రం 58 దాకా వుండేవాళ్ళు. నర్గేష్ మీర్జా, మరికొందరు కోర్టుకెక్కారు. 1981లో సుప్రీంకోర్టు గర్భం వస్తే తీసెయ్యటం అన్యాయమని కొట్టేసింది. నాలుగేళ్ళ పెళ్ళి షరతు మాత్రం సబబేనంది! ఖతార్ ఎయిర్‌వేస్‌లో అయితే ఇటువంటి షరతులు ఈ శతాబ్దంలోనూ వున్నాయి. గర్భం వస్తే ఒప్పందం రద్దు చేసే నిబంధన వివక్షేనని 2015లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తప్పుపట్టింది. ఆ ఏడాదే కంపెనీ నిబంధన మార్చుకుంది. గల్ఫ్‌లో ఈ పిల్లలు దేశంకాని దేశంలో, కంపెనీ ఇచ్చిన ఇంట్లో, ఒప్పందం మీద వుంటారు. యుఏఈలోనూ ఖతార్‌లోనూ యూనియన్లకి చోటు లేదు. ఆ కెన్యా పిల్ల మంచితనం అబద్ధమని నేననను. పక్కన కూర్చుని దిండు సర్దమని ఏ శిక్షణా బలవంతపెట్టలేదు. కానీ అందరిలోనూ, అన్నిపూట్లా ఒకేలా కనిపించే ఆ నవ్వులో శిక్షణ ఎంత, భయం ఎంత అన్నది మాత్రం ఆలోచించాల్సిందే.

ఇదంతా చెప్తే పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆవిడా నేనూ ఒకటేనన్నమాట. అరవై దాటినా చాకిరీ తప్పలేదు. ఆవిడకి జీతం వుంది, నాకు లేదు" అన్నారు.

సంచీ విషయంలోనూ ఆవిడది తప్పు కాదు. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు ఒళ్ళో సామాను వుండకూడదు. ప్రమాదం వస్తే ఆ సంచే కాళ్ళకి అడ్డం పడుతుంది. 2024 జనవరి 2న టోక్యోలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూనే మరో విమానాన్ని గుద్దుకుని అంటుకుపోయింది. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో వున్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సామాన్లు వదిలెయ్యండని సిబ్బంది అరిచారు, జనం విన్నారు. ఆ అరుపు మర్యాదగా వుందా లేదా అని ఎవరూ చూసుకుని వుండరు.

అయినా ఆవిడకి పూర్తిగా వకాల్తా పుచ్చుకోను. రెండుసార్లు నీళ్ళడిగినా ఇవ్వకపోవటానికి ఏ చట్టమూ అడ్డం రాదు. భాష రాని మనిషి కదా అని తేలిగ్గా తీసుకోవటం అది. ఇలాంటిది మన వైపూ వుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు కదా. అలా వెళ్ళొచ్చిన ఒకామె నాతో అంది, "అమెరికా వెళ్ళే వాళ్ళకి ప్లీజ్ అంటారమ్మా, మాకు సిట్ సిట్ అంటారు" అని. అదే ఆకాశం, అలాంటి చీరే, అలాంటి ట్రేనే. ఆమె బాధకి సీట్ల లెక్క గాని, చట్టం గాని సమాధానం కాదు. ఎదుటివాళ్ళ వాలకం చూసి మర్యాద కొలిచే బుద్ధి మాత్రమే కారణం. చిటికెలేసి "ఏయ్ అమ్మాయ్" అని పిలిచే మన పెద్దమనుషులదీ ఆ బుద్ధే.

ఇక వెళ్ళబోయే వాళ్ళకి నాలుగు మాటలు. శాకాహారులైతే టిక్కెట్టు కొన్నప్పుడే "ఏషియన్ వెజిటేరియన్ మీల్" అని చెప్పించండి. "హిందూ మీల్" అన్న పేరు చూసి మోసపోకండి, అందులో కోడికూరో, చేపో వుండొచ్చు. గోమాంసం వుండదు, అంతవరకే. మోకాళ్ళ నొప్పులుంటే వీల్‌చైరు కూడా ముందే అడిగి పెట్టుకోండి, అది నామోషీ కాదు. నీళ్ళకోసం ట్రాలీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. మనిషి బొమ్మ వున్న బటన్ నొక్కితే వస్తారు. గన్నవరం విమానంలో మాత్రం విమానాశ్రయంలోనే సీసా నింపుకుని ఎక్కండి.

పిన్నిగారికి వచ్చే వేసవిలో రెండో అమ్మాయి పురుడు. ఈసారి మెళ్ళో వేసుకోవటానికి ఇంగ్లీషులో ఒక అట్టముక్క రాసిపెట్టమన్నారు. "నాకు ఇంగ్లీషు రాదు, నేను శాకాహారిని, దయచేసి మంచినీళ్ళు ఇవ్వండి" అని మూడు ముక్కలు రాశాను. చదివించుకుని, నాలుగోది కూడా రాయమన్నారు: "సంచీ నేనే కింద పెట్టుకుంటాను, మీరు ముట్టుకోవద్దు."