మందు ముందే సిద్ధం కావాలి

కొవిడ్ రెండో విడతలో రెమ్‌డెసివిర్ సూది కోసం దేశమంతా ఎంత అల్లాడిందో మరిచిపోయే కాలం ఇంకా రాలేదు. సోమందేపల్లి లాంటి మండల కేంద్రంలో ఊపిరందని రోగి హిందూపురమో, అనంతపురమో, బెంగళూరో చేరాల్సిందే. అన్ని పాట్లు పడి సంపాదించిన ఆ సూది కరోనా కోసం పుట్టిన మందు కూడా కాదు. ఎబోలా రోగులపై పరీక్షిస్తే మిగతా మందుల కంటే వెనకబడింది. చేతిలో వేరే ఏదీ లేక దాన్నే పట్టుకున్నాం.

ఎందుకు లేదు? 2003లో మరో కరోనా వైరస్ తెచ్చిన సార్స్ జబ్బు ప్రబలినప్పుడు ఫైజర్ శాస్త్రవేత్తలు ఆ వైరస్‌లోని ప్రధాన ప్రోటియేజ్ అనే ఎంజైమును అడ్డుకునే అణువును రూపొందించారు. సార్స్ తగ్గింది, ఆ పనీ అటకెక్కింది. 2020 నాటి వైరస్‌లోనూ ఉన్నది దాదాపు ఆ ఎంజైమే: 306 అమైనో ఆమ్లాల్లో 12 మాత్రమే తేడా. పాత పనిని మళ్లీ చేతబట్టి, మెరుగుపరచి, నిర్మాట్రెల్విర్ బిళ్లకు అమెరికాలో అనుమతి తెచ్చుకునేసరికి 2021 డిసెంబరు వచ్చింది. అప్పటికి మన చితులు ఆరి నెలలు గడిచాయి.

కరోనా వైరస్ తనకు కావలసిన ప్రోటీన్లలో చాలావాటిని, ధర్మవరం మగ్గంపై ఒకే పడుగు మీద వరుసగా చీరలు నేసి తర్వాత కత్తిరించినట్టు, పొడవాటి గొలుసుగా చేసి ముక్కలు కోస్తుంది. పదకొండు చోట్ల కోసేది ఈ ప్రోటియేజే. కోత ఆగితే వైరస్ పెరగదు. టీకాలు గురిపెట్టే స్పైక్ ప్రోటీన్ తరచూ రూపు మారుస్తుంది. ఎంజైములో కోత జరిగే చోటు అంత సులువుగా మారలేదు, మారితే వైరస్ మనుగడకే చేటు. అందుకే గబ్బిలాల్లోని రకరకాల కరోనా వైరస్‌ల ఎంజైములను పోల్చి చూడాలి. అన్నిటిలో ఒకేలా ఉన్నచోట పట్టే మందు, ఇంకా మనుషుల దాకా రాని వైరస్‌పైనా పనిచేసే అవకాశం ఉంది. ఇంకో కరోనా వైరస్ అయిన మెర్స్ ప్రోటియేజ్ కొవిడ్ వైరస్ ప్రోటియేజ్‌తో సుమారు సగమే కలుస్తుంది కనుక ఒక్క బిళ్లతో అన్నీ తీరుతాయని మేం అనడం లేదు. ఏ మందు ఎక్కడ తప్పిపోతుందో ముందే తెలియాలంటున్నాం.

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020లో కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, హిమాచల్‌ప్రదేశ్ గబ్బిలాల్లో కరోనా వైరస్‌లను గుర్తించింది. కర్ణాటక, తెలంగాణ నమూనాల్లో అవి కనబడలేదు. దొరికినవి మనుషులకు జబ్బు తెస్తాయన్న ఆధారం లేదు. గబ్బిలాలున్నాయని చెట్లు నరకడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. పంటల మీది పురుగును తినేవీ, అడవి గింజలను మోసేవీ ఆ జీవులే.

హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది. అక్కడి హెటెరో సంస్థ నిర్మాట్రెల్విర్ జనరిక్‌కు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. ఒకరు కనిపెట్టిన మందును చవగ్గా చేయడంలో మనకు సాటి తక్కువ. కొత్తది కనిపెట్టే పూనికే కావాలి. రోగం లేనప్పుడు ఏ కంపెనీ దీనిపై డబ్బు పెట్టదు, 2003 అనుభవం చెప్పింది అదే. కాబట్టి కేంద్రం, రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి ఖర్చు భరించాలి. రాయలసీమ గబ్బిలాల నమూనాలనూ సేకరించాలి. కనీసం రెండు మూడు మందులకు మనుషులపై భద్రతా పరీక్షలు పూర్తిచేసి సిద్ధంగా ఉంచాలి. ప్రజల డబ్బుతో తయారైన మందు ధరను ప్రభుత్వమే నిర్ణయించాలి. నిర్మాట్రెల్విర్ లాంటి బిళ్ల లక్షణాలు కనబడిన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. అది సోమందేపల్లి ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా దొరకాలి.