బావికో చెర్రీ తోట

ఆక్స్‌ఫర్డ్‌షైర్ దక్షిణపు కొసన, చిల్టర్న్ గుట్టల మీద స్టోక్ రో అని ఒక చిన్న ఊరుంది. ఊరి రోడ్డు పక్కనే ఇనుప స్తంభాల మీద ఒక గుమ్మటం కనిపిస్తుంది. దాని కింద నీళ్లు తోడే గిలక యంత్రం, యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. ఇంగ్లండ్ పల్లెలో ఏనుగుకేం పని అని కొత్తవాళ్లు ఆగి చూస్తారు. అది కాశీ మహారాజు తవ్వించిన బావి.

చిల్టర్న్ గుట్టల అడుగున ఉన్నది సుద్దరాయి. పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది. ఎండాకాలం వస్తే ఈ ఊళ్లకు గుంటల్లోని మురికినీళ్లే గతిగా ఉండేవి. పక్కనే ఉన్న ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ ఉత్తర భారతంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేస్తూ, 1831లో ఆజంగఢ్‌లో ఒక బావి తవ్వకానికి సాయపడ్డాడు. మా వైపూ ఇదే కటకట, ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లూ తాగేశాడని ఒక తల్లి కొడుకును కొట్టడం నేను చూశానని ఆయన కాశీ రాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో మాటల మధ్య అన్నాడట. రాజు ఆ మాట మర్చిపోలేదు.

1863 మార్చిలో తవ్వకం మొదలైంది. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజు నాడు, బావిని ఊరికి అప్పగించారు. వెడల్పు 4 అడుగులు, లోతు 368 అడుగులు, తవ్విందంతా మనుషుల చేతులే. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్ ఎత్తు 365 అడుగులు. దాన్ని తలకిందులు చేసి దించే ఉపాయమే ఉంటే ఇంకో మూడడుగులు మిగులుతాయి! నిండు బొక్కెన పైకి రావడానికి పది నిమిషాల దాకా చక్రం తిప్పాల్సి వచ్చేది.

దానం ఇంతటితో ఆగి ఉంటే ఇది మామూలు రాజుగారి కథే. బావితోపాటు ఆయన పక్కనే చెర్రీ తోట కూడా వేయించాడు. ఈశ్రీ బాగ్ అని దానికి పేరు. కాపలాదారుకు ఎనిమిది మూలల చిన్న ఇల్లు కట్టించాడు. తోటలో చెర్రీలు అమ్మగా వచ్చిన డబ్బు బావి మరమ్మతుకు. మన ఊళ్లలో గుడికీ చెరువుకూ మాన్యం రాసినట్టే. కుళాయిలొచ్చి బొక్కెనకు పని లేకుండా పోయాక కూడా బావి చెక్కుచెదరలేదంటే, దాన్ని చూసుకునే బాధ్యత మొదటిరోజు నుంచీ ఎవరో ఒకరి చేతిలో ఉండబట్టే. ఇప్పుడు ఒక ట్రస్టు ఆ పని చేస్తోంది.

ఇంగ్లండ్ పల్లెల పాత కట్టడాల గురించి అక్కడి పత్రికలు రాసేదాన్లో సగం మురిపెం, సగం ఏడుపు. రాతి చర్చి, తాటాకు కప్పులాంటి గడ్డికప్పు ఇళ్లు, వాలిపోయిన సమాధి రాళ్లు, పొయ్యి పక్కన బీరు గ్లాసు. ఇది మా ఆత్మ అంటారు. ఆత్మ సంగతి సరే, పైకప్పుకు సీసపు రేకు ఎవరు కొంటారు?

స్టోక్ రోకు కొన్ని మైళ్ల దూరంలో యూఎల్మ్ ఉంది. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో ఆలిస్ చాసర్ సమాధి చూసి తీరాల్సిందే. కవి జెఫ్రీ చాసర్‌కు మనవరాలు, సఫొక్ డ్యూక్‌కు భార్య. పైన చలువరాతిలో నిండు ఠీవితో పడుకున్న డచెస్ ప్రతిమ. దాని కింద, మోకాళ్ల మీద వంగి చూస్తే తప్ప కనపడనంత కిందుగా, అదే మనిషి ఎండిపోయిన శవం, అదీ రాతిలోనే. ఆ శిల్పాన్ని మించినది చర్చి పక్కనే ఉంది. ఆలిస్, ఆమె భర్త కలిసి 1437లో పదముగ్గురు పేదవాళ్ల కోసం ఒక ఆశ్రయం పెట్టి, దాని ఖర్చుకు ఏకంగా తమ ఎస్టేట్ల రాబడి రాసిచ్చారు. ఆ ఇళ్లలో నేటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. అదే దంపతులు కట్టించిన బడిలో నేటికీ ఊరి పిల్లలు చదువుకుంటున్నారు. దాదాపు ఆరువందల ఏళ్లు!

ఇక పారిష్ చర్చిల దగ్గరికొస్తే, ఈ మాన్యం సంగతే తలకిందులైంది. ఒకప్పుడు ఊరంతా చర్చి మరమ్మతుకు పన్ను కట్టేది. ఆ నిర్బంధం 1868లో పోయింది. అది న్యాయమే. వేరే మతశాఖల వాళ్ల దగ్గర బలవంతంగా వసూలు చేయడమేమిటి? పాస్టరు జీవనం కోసం ఉండే చర్చి మాన్యాలు 1978లో బిషప్పుల ఏలుబడిలోని డయోసిస్‌ల చేతికి వెళ్లాయి. కట్టడం మాత్రం ఊళ్లో మిగిలింది. స్టోక్ రో పక్కన చెకెండన్ చర్చిలో నార్మన్ల నాటి అర్ధచంద్రాకారపు గర్భగుడి ఉంది, దాని గోడల మీద క్రీస్తూ శిష్యులూ ఉన్న మధ్యయుగపు చిత్రాలున్నాయి. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై మెట్టు అయిన గ్రేడ్ వన్ రక్షణ ఉన్న కట్టడాల్లో దాదాపు సగం ఇలాంటి చర్చిలే. ఆదివారం ప్రార్థనకు వచ్చేవాళ్లేమో చాలా పల్లెల్లో కొద్ది పదుల మందే. ఆ కొద్దిమందీ కేకులమ్మి, పాత బట్టలమ్మి తొమ్మిది వందల ఏళ్ల గోడను నిలబెట్టాలి.

పైగా ప్రభుత్వం వాళ్ల దగ్గరే పన్ను తీసుకుంటుంది. కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, పాత గోడకు మరమ్మతు చేస్తే 20 శాతం. ఇంతకన్నా తిక్క లెక్క ఉండదు. చర్చిలకు ఈ పన్ను తిరిగిచ్చే పథకం 2001 నుంచి ఉండేది. 2025లో ఏడాదికి ఒక్కో చర్చికి 25,000 పౌండ్లకు మించి ఇవ్వమన్నారు. పెద్ద పైకప్పు పని పెట్టుకున్న చిన్న ఊరికి నడుం విరగ్గొట్టే నిర్ణయమది.

చర్చి తర్వాత పబ్బు సంగతి. పబ్బు అనగానే మనకు జూబ్లీహిల్స్‌లో చెవులు పగిలే పాటలు గుర్తొస్తాయి. పల్లె పబ్బు వేరు. పంట ధర నుంచి పెళ్లి సంబంధం దాకా ఊరి కబుర్లన్నీ నడిచే చావడి. స్టోక్ రోలోని క్రూకెడ్ బిల్లెట్‌కు పదిహేడో శతాబ్దపు చరిత్ర ఉంది. దొంగ డిక్ టర్పిన్ ఇక్కడి యజమాని కూతుర్ని ప్రేమించాడని ఒక కథ, కథగానే వినాలి. 1998లో నటి కేట్ విన్స్‌లెట్ పెళ్లి విందు జరిగింది ఇక్కడే. ఇప్పుడది దూరాల నుంచి కార్లేసుకొచ్చే వాళ్లు తినే చోటు. బీచ్ అడవిలో కుర్చీ కాళ్లు చెక్కుకు బతికిన వెనకటి పనివాళ్లకు ఈ భోజనం అందేది కాదని కొందరు ముక్కు విరుస్తారు. నిజమే. కానీ బీరు ఒక్కటే అమ్మి తలుపులు తీసి ఉంచగల పల్లె పబ్బులు ఇప్పుడెన్ని?

ఇంకో దారీ ఉంది. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ ఊరివాళ్లు, అక్కడి పబ్బు మీద ఇష్టమున్న మరికొందరూ వాటాలు వేసుకుని 2003లో తమ ఓల్డ్ క్రౌన్‌ను సహకార సంఘంగా కొనేశారు. ఊరికి పనికొచ్చే కట్టడాన్ని జాబితాకెక్కిస్తే, అది అమ్మకానికొచ్చినప్పుడు ఆరు నెలలు ఆగమనే హక్కు 2011 చట్టం ఇచ్చింది. గడువిచ్చింది సరే, డబ్బో? అందుకోసం 2021లో పెట్టిన నిధిని 2024 చివర్లో మూసేశారు.

ఈ కథలో తెలుగువాళ్లకూ ఒక పాత్ర ఉంది. కాశీ రాజు బావి తెరిచిన కొద్ది ఏళ్లకే, కాశీలో తనకూ మహల్ ఉన్న విజయనగరం మహారాజు లండన్‌కు ఒక తాగునీటి ఫౌంటెన్ బహూకరించాడు. హైడ్ పార్క్‌లో, మార్బుల్ ఆర్చ్ దగ్గర, నగరమంతా నడిచే చోట దాన్ని నిలబెట్టారు. స్టోక్ రో లాంటి మారుమూల కాదు. 1964లో స్టోక్ రో బావి నూరేళ్ల పండగకు రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ స్వయంగా ఆ ఊరు వచ్చాడు. విజయనగరం ఫౌంటెన్‌ను తీసేసింది కూడా ఆ ఏడాదే. ఆ చోట ఇప్పుడొక పలక ఉంది, ఇక్కడ ఫౌంటెన్ ఉండేదని.