లిఫాఫా మీద ఒకటి, ఖత్ లోపల ఒకటి

ఫీజులు కట్టి పిల్లల్ని వెబ్ డిజైన్ కోర్సులకు పంపుతున్నాం. ట్యాగులన్నీ చిన్న అక్షరాల్లో రాయాలి, తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి, పేజీ పైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ డాక్‌టైప్ పెట్టాలి అని కొందరు ఉస్తాదులు నేర్పుతున్నారు. అంతటితో పేజీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అయిపోయిందని షాబాష్ చెబుతున్నారు. ఈ దావా ఝూట్. ఎవరికి చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

హకీకత్ ఏమిటి? సర్వర్ పేజీతో పాటు కంటెంట్ టైప్ అనే మాట ఒకటి పంపుతుంది. అది లిఫాఫా మీది రాత లాంటిది. బ్రౌజర్ దాన్ని చూసే ఫైసలా చేస్తుంది. అక్కడ టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని ఉంటే లోపలున్నది మామూలు హెచ్‌టీఎంఎల్. ఖత్‌లో మీరు ఎంత గొప్ప డాక్‌టైప్ రాసినా సరే! ఎక్స్‌ఎంఎల్ ఖాయిదాతో చదవాలంటే లిఫాఫా మీద అప్లికేషన్/ఎక్స్‌హెచ్‌టీఎంఎల్+ఎక్స్‌ఎంఎల్ అని ఉండాలి.

సబూత్ కావాలా? ఒక డివ్ ట్యాగు చివర గీత పెట్టి అక్కడే మూసేయండి. ఎక్స్‌ఎంఎల్ లెక్కన అది మూసుకున్నట్టే. మామూలు హెచ్‌టీఎంఎల్‌గా పంపితే బ్రౌజర్ ఆ గీతను ఖాతరు చేయదు. డివ్ తెరిచే ఉందనుకుని తర్వాత వచ్చేదంతా అందులో వేస్తుంది. స్క్రిప్ట్ ట్యాగును ఇలాగే మూస్తే ఇంకా ఘోరం. కింద ఉన్న పేజీనంతా స్క్రిప్ట్ మింగేస్తుంది, తెర ఖాళీ. మరి బీఆర్ ట్యాగులో గీత పనిచేస్తోంది కదా అంటారు. పనిచేయడం లేదు. బీఆర్‌కు మూత అవసరమే లేదు, అంతే.

మన ఇళ్ల సంగతే చూడండి. తెలుగు పేజీలో ఉర్దూ పేరా పెట్టి, అది ఉర్దూ అని ఎక్స్‌ఎంఎల్ కోలన్ ల్యాంగ్‌తో మాత్రమే చెబితే, టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్‌లో బ్రౌజర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. మామూలు ల్యాంగ్ కూడా రాయాలి. లేకపోతే చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు భాష మారిందన్న ఖబర్ అందదు. నుక్సాన్ ఉస్తాదుకు కాదు, వినేవారికి.

ఈ పద్ధతి తమీజ్ నేర్పుతుందని కొందరి వాదన. తమీజ్ మంచిదే. అది హెచ్‌టీఎంఎల్‌లోనూ కుదురుతుంది. కానీ అసలు ఎక్స్‌ఎంఎల్‌లో ఒక్క ట్యాగు మూయకపోయినా ఎర్రర్ వచ్చి పేజీ అక్కడే ఆగుతుంది. టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్‌లో బ్రౌజర్ గలతీలన్నీ మాఫ్ చేసి ఏదో ఒకటి చూపిస్తుంది. ఎవరూ దిద్దని పరచాలో పాసయ్యానని పిల్లవాడు ఖుషీ అవుతాడు. రేపు లిఫాఫా మారిస్తే పేజీ కూలుతుంది.

ఒకప్పుడు మజ్బూరీ ఉండేది, కాదనను. 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 వచ్చినప్పుడు, పాత బ్రౌజర్ల కోసం ఇలా పంపే జాగ్రత్తలను డబ్ల్యూ3సీ స్వయంగా అనుబంధంలో పెట్టింది. 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చేదాకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అసలు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేజీని చూపలేకపోయింది. అయినా ఈ పద్ధతి హానికరమని ఇయాన్ హిక్సన్ 2002లోనే దలీల్‌తో సహా రాశాడు. 2014లో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంగా వచ్చేసింది. ఇక బహానా ఏముంది? మజ్బూరీని హునర్ అని అమ్మడం ఇన్సాఫ్ కాదు.

రాస్తాలు రెండే. ఎక్స్‌ఎంఎల్ కావాలంటే దాని సరైన పేరుతోనే పంపండి, దాని సఖ్తీని భరించండి. లేదంటే డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అని రాసి శుభ్రమైన హెచ్‌టీఎంఎల్ నేర్పండి. ఇందులో షరమ్ ఏమీ లేదు.

అమ్మీలు, అబ్బాలు ఫీజు కట్టేముందు ఉస్తాదును ఒక్క సవాల్ అడగండి: "మీరు నేర్పే పేజీ ఏ కంటెంట్ టైప్‌తో వెళ్తుంది?" జవాబ్ లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.