కుర్చీ మీద కర్చీఫ్

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపడం మనకు చిన్నప్పటి విద్యే. జర్మన్లకూ వచ్చు లెండి, వాళ్ళు ఈతకొలను పక్క కుర్చీ మీద తువ్వాలు పరుస్తారు.

మా ఎష్‌బోర్న్‌కి వేసవిలో పెద్దవాళ్ళు వస్తే, రూడెస్‌హైమ్ నుంచి సాంక్ట్ గోఆర్ దాకా రైన్ నది మీద షిప్పు ప్రయాణం తప్పదు. పై డెక్‌లో ఎవరు ముందొస్తే వాళ్ళదే కుర్చీ. మోకాళ్ళ నొప్పులతో మా అత్తయ్యగారు మెట్లెక్కేసరికి అన్నీ నిండిపోతాయి. పోనీ ఎవరినైనా లేవమందామంటే, "నా కోసం ఎవర్నీ లేపకమ్మా" అంటారు. అది మొహమాటం కాదు, అభిమానం. అందుకే ముందే ఆపాలి.

ఆవిడకొకటి, తోడుగా మావయ్యగారికొకటి, అంతే. మావారూ పిల్లలూ నిలబడగలరు. సంచి పడేసి వెళ్ళిపోను, పక్కనే నిలబడి, అడిగినవాళ్ళకి "అత్తగారు మెట్లెక్కుతున్నారండీ" అని వాళ్ళ భాషలోనే చెబుతాను. ఇక్కడి రైళ్ళలో డబ్బు కట్టి రిజర్వ్ చేసుకున్న సీటుకైనా, బండి కదిలిన 15 నిమిషాల్లో రాకపోతే హక్కు పోతుంది. ఊరికే ఆపిన కుర్చీకి అంతకన్నా గడువెందుకు?

ఆపేది మాత్రం కుడివైపే ఆపండి. 132 మీటర్ల లోరెలై కొండ అటే వస్తుంది.