న్యాయవాదవృత్తి – మహిళలు

స్త్రీ న్యాయవాదవృత్తి కనర్హురాలని కలకత్తా హైకోర్టు 1916లో రెజీనా గుహ విషయమునఁ దీర్పు చెప్పెను. 1923వ సంవత్సరపు శాసన మా యడ్డును దొలఁగించెను. బాపట్లదాపున నున్న అప్పికట్లలో జన్మించిన అమరేశ్వరిగారు 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున ప్రథమ మహిళా న్యాయమూర్తి యైరి.

శాసనము ద్వారము తెఱచెను. కాని వకాల్తా నిచ్చువాఁడు కక్షిదారుఁడే కదా! కూఁతురిని లా చదివించి మురియువారిలోనే పెక్కురు తమ పొలముగట్టు దావాను పురుషునకే యప్పగింతురు. పని లేనిదే యనుభవము లేదు. అనుభవము లేనిదే నాయకత్వ మెట్లబ్బును?

సుప్రీంకోర్టు తన న్యాయవాదుల సంఘ కార్యవర్గమున మూఁడవవంతు స్థానములు స్త్రీల కుండవలెనని 2024లో నాదేశించెను. తెనాలి, బాపట్ల, రేపల్లె న్యాయవాదులు ఆజ్ఞకై వేచియుండక తామే యట్లొనర్చుట గౌరవము. కక్షిదారులును తమ వకాల్తాలతో నారంభింతురు గాక!