ఇంజిన్‌ సరే... బ్రేకుల మాటేమిటి?

విజయవాడ: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ పరిసరాలు రోజుల తరబడి నీట నానాయి. మునిగిన కార్లకు ఇంజిన్‌ బాగుచేయించి బ్రేకులను విస్మరిస్తే ముప్పే. ఒండ్రు, తేమ చేరి కాలిపర్‌ పిన్నులు, పిస్టన్‌ తుప్పుపట్టి బిగుసుకుంటాయి. పెడల్‌ వదిలినా ప్యాడ్లు డిస్కును వదలవు. కారు పక్కకు లాగడం, ఒక్క చక్రమే సెగలు కక్కడం దీని ఆనవాళ్లు. తేమ పీల్చిన బ్రేక్‌ ఆయిల్‌ ఆ వేడికి మరిగితే పెడల్‌ దిగిపోతుందే తప్ప కారు ఆగదు.

ప్యాడ్లు మార్చి సరిపెట్టుకోవడం డబ్బు దండగ, కొత్తవీ అరిగిపోతాయి. జాకీపై లేపినా చక్రం తిరగకుంటే బ్లీడింగ్‌ స్క్రూ వదులుచేయాలి. ఆయిల్‌ చిమ్మి చక్రం తిరిగితే లోపం హోస్‌ పైపులోనో మాస్టర్‌ సిలిండర్‌లోనో ఉన్నట్లు. అప్పటికీ కదలకుంటే కాలిపర్‌ విప్పాల్సిందే. పిన్నులు శుభ్రపరచి సిలికాన్‌ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. తుప్పుతో గుంటలు పడిన పిస్టన్‌ను, పాత ఆయిల్‌ను మార్చాలి.