రుజువు చూపాల్సింది బ్యాంకే

వెలుగోడు మండలంలో ఎకరం పొలం కొన్న రైతు దస్తావేజు మీద వేలిముద్ర వేస్తాడు. ఆ కాగితాల్లోనే ఆధార్ నంబరూ ఉంటుంది. దొంగకు ఆ రెండూ చాలు. 2022లో సైబరాబాద్ పోలీసులకు చిక్కిన ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజులను ఆన్‌లైన్‌లో దింపుకుని, వాటిలోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, ఆధార్ చెల్లింపుల ద్వారా జనం ఖాతాల్లోంచి డబ్బు లాగేసింది. దానికి కార్డు, పిన్, ఓటీపీ ఏదీ అక్కర్లేదు.

అలా మోసపోయిన మనిషి బ్యాంకుకు వెళ్తే ఎదురయ్యే మాట: ‘వేలు పెట్టింది నువ్వే కదయ్యా? పోలీసు కేసు పెట్టి ఆ కాగితం తీసుకురా, చూద్దాం.’ నంద్యాలకూ ఆత్మకూరుకూ తిరగడంలోనే ఆయన పుణ్యకాలం గడిచిపోతుంది.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులు దీనికి పూర్తిగా విరుద్ధం. ఖాతాదారు తప్పు చేశాడని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడోవాడిదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి పైసా నష్టం ఉండకూడదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో సొమ్మును ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో వ్యవహారం తేల్చాలి. ఓటీపీ చెప్పి పొరపాటు చేసినవారికైనా, ఫిర్యాదు తర్వాత పోయే డబ్బును బ్యాంకే భరించాలి.

నాలుగో పనిదినం నుంచి ఏడో పనిదినం లోపు వెళ్తే? జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాదారు 5,000 రూపాయల వరకు భరించాలి. పీఎం కిసాన్ ఏడాది మొత్తానికి ఇచ్చేది 6,000. ఒక్కరోజు ఆలస్యానికి దాదాపు అంతా పోతుంది. పైగా బ్యాంకు మెసేజ్ వెళ్లే నంబరు హైదరాబాదులో ఉన్న కొడుకుదో, రీచార్జి లేక మూలనపడ్డ ఫోనుదో అవుతుంది. పాస్‌బుక్ ప్రింటు వేయించిన రోజే రైతుకు సంగతి తెలిసేది. గడువును ఆనాటి నుంచే లెక్కపెట్టడం న్యాయం.

అన్నిటికన్నా ముఖ్యం రసీదు. ఫిర్యాదు అందిన వెంటనే నంబరుతో సహా జవాబు పంపాలని ఆ ఉత్తర్వుల్లోనే ఉంది. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పి వచ్చినవాడికి ఆ నంబరు ఎవరిస్తారు? తేదీకి ఆధారం లేకపోతే మూడు రోజుల రక్షణ కాగితానికే పరిమితం. పోలీసు కేసు లేదని ఫిర్యాదు తీసుకోకపోవడమంటే ఆ హక్కును గుమ్మంలోనే కాలరాయడం.

2025 జనవరిలో సుప్రీంకోర్టు, మోసపోయిన ఒక అస్సాం ఖాతాదారుకు బ్యాంకు 94 వేల పైచిలుకు రూపాయలు తిరిగి చెల్లించాలన్న తీర్పును సమర్థించింది. ఆయన 24 గంటల్లోపే ఫిర్యాదు చేశారు. బ్రిటన్ ఇంకా ముందుకెళ్లింది: మాయమాటలకు లొంగి తామే డబ్బు పంపినవారికి కూడా 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు 85,000 పౌండ్ల వరకు వెనక్కివ్వాల్సిందే. మన దగ్గర వేలిముద్ర దొంగిలించినా వాదనే.

2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులనూ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పాటు చేశారు. పల్లెల్లోని ప్రతి శాఖలోనూ, బ్యాంకు మిత్ర దగ్గరా తేదీ, సమయం వేసిన తెలుగు రసీదు పుస్తకం పెట్టమని ఆ యాజమాన్యం ఆదేశిస్తే చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. అంతవరకు రైతులు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకోవాలి. నెలలోగా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, అందుకు రుసుము లేదు.